అద్దముపై తెర: జాన్ డాల్టన్ చరిత్రము

కార్తిక మాసపు వానలు కురియు దినములలో కడప జిల్లాయందలి జమ్మలమడుగు నుండి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోవు బాటపై రాత్రివేళ మోటారు కార్లు మెల్లమెల్లగా సాగుచుండును. అద్దము వెలుపల పడు చినుకులను తుడుచుటకు వైపర్లు కలవు. కాని అద్దమునకు లోపలివైపున మరియొక తెర క్రమక్రమముగా దిగును. నలుగురైదుగురు కారులో కూర్చుండి, జల్లు లోనికి కొట్టునని కిటికీలన్నియు బిగించినచో, కొలది నిమిషములలోనే అద్దములు పాలు చల్లినట్లు తెల్లబడును. ఎదురుగా వచ్చు లారీ దీపము వెలుగుముద్దవలె అగపడునే గాని, బాట అంచు గాని, ప్రక్కన నడచు బాటసారి గాని, ఇంటికి మరలుచున్న ఎద్దులబండి గాని కనబడదు. నడుపువాడు చేతిగుడ్డతో తుడిచినచో అద్దము క్షణకాలము తేటపడి, వెంటనే మరల మసకబారును. అట్టి సమయమున ఎందరి ప్రాణములో ఆ పలుచని నీటిపొరపై ఆధారపడి యుండును.

ఆ నీరు ఎచ్చటినుండి వచ్చినది? వాన లోనికి చొరలేదు. అద్దమునకు రంధ్రములు లేవు. అయినను లోపలి ముఖము తడిసినది. ఆ తెర ఎప్పుడు పడును, ఎప్పుడు పడదు, పడకుండ చేయుటకు మార్గమేమి అను ప్రశ్నలకు ఆధారమైన సూత్రములను కనుగొన్న మహనీయుడు, మోటారు కారు పుట్టుటకు నలువది యేండ్లకు మునుపే కాలధర్మము నొందెను. ఆయన ఒక నేతగాని కుమారుడు. పేరు జాన్ డాల్టన్. పరమాణు సిద్ధాంతకర్తగా లోకమెల్ల ఆయనను ఎరుగును. కాని పరమాణువులకంటె ముందు ఆయన మనస్సును ఆకర్షించినది గాలిలోని తేమయే.

ఇంగ్లండు దేశమున వాయవ్య భాగమందు కంబర్లండు అను సీమ కలదు. అది కొండలకును సరస్సులకును నెలవు. అచ్చట వానయు పొగమంచును నిత్యము వచ్చిపోవు చుట్టములవంటివి. ఆ సీమలో ఈగిల్స్‌ఫీల్డు అను చిన్నపల్లెయందు 1766వ సంవత్సరము సెప్టెంబరు మాసమున జాన్ డాల్టన్ జన్మించెను. తండ్రి జోసెఫ్ మగ్గము నేసి కుటుంబమును పోషించుచుండెను. తల్లి డెబోరా. ఆ కుటుంబమునకు సంపద లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వీధులలో మగ్గపు చప్పుడు వినుచు పెరిగిన బాలురకు ఆ యిల్లు పరాయిదిగా తోచదు. నేతపని ఓర్పును నేర్పును. ఒక్కొక్క పోగు చేరిననే గాని బట్ట కానేరదు. గాలి మిక్కిలి పొడిబారినచో నూలు పెళుసై తెగుననియు, కొంత చెమ్మ యున్నచో పోగు నిలుచుననియు నేతగాండ్రు అనుభవముచే నెరుగుదురు. గాలిలో కంటికి కానరాని నీరున్నదని వారికి ఏ గ్రంథమును చెప్పనక్కరలేదు.

డాల్టన్ కుటుంబము క్వేకరులను క్రైస్తవ శాఖకు చెందినది. వారు ఆడంబరములేని దుస్తులు ధరించుచు, నిరాడంబరముగా జీవించుచు, విద్యను గౌరవించుచుండిరి. కాని ప్రభుత్వ మతమునకు చెందనివారగుటచే నాటి ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలో వారికి పట్టములు దొరకు మార్గము లేకుండెను. కావున డాల్టన్ విద్య పల్లె బడిలోనే ఆరంభమై, పెద్ద కళాశాల గడప త్రొక్కకయే సాగెను. ఇలీహూ రాబిన్సన్ అను బంధువు ఆ బాలుని తెలివిని గుర్తించి గణితము నేర్పెను. రాబిన్సన్‌నకు వాతావరణమును పరిశీలించుటయందును, పరికరములు చేయుటయందును ఆసక్తి మెండు. ఆయన యింట డాల్టన్ ఉష్ణమాపకములను, భారమితులను మొదటిసారి చేతబట్టెను.

పండ్రెండేండ్ల వయస్సున, తోడి బాలురు ఇంకను ఆటలలో మునిగియున్న దినములలో, డాల్టన్ స్వగ్రామమున బడి నెలకొల్పి తానే ఉపాధ్యాయుడయ్యెను. శిష్యులలో కొందరు అతనికంటె వయస్సున పెద్దవారు. వారిని అదుపులో నుంచుట అతనికి కష్టమయ్యెను. అయినను వెనుదీయలేదు. పగలు బోధించుచు, మిగిలిన వేళల పొలము పనులు చేయుచు, రాత్రులు చదువుకొనుచు మూడేండ్లు గడపెను. పదునైదవయేట కెండలు అను పట్టణమునకు పోయి, అన్నయగు జోనతన్‌తో కలిసి క్వేకరుల పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. 1785లో ఆ సోదరులిద్దరును ఆ పాఠశాల నిర్వహణమును చేపట్టిరి.

కెండలులో డాల్టన్‌నకు లభించిన గురువు జాన్ గాఫ్. పసితనముననే మశూచికము సోకుటచే గాఫ్‌కు కన్నులు పోయెను. అయినను ఆయన స్పర్శ, వాసన, రుచులచే మొక్కలను గుర్తింపగలవాడు. లాటిను, గ్రీకు భాషలయందును గణితమందును పండితుడు. చూపులేని ఆ గురువే డాల్టన్‌నకు ఆకాశమును చూచుట నేర్పెను. ప్రతిదినమును వాతావరణమును పరిశీలించి, కనుగొన్నదానిని పుస్తకమున వ్రాసియుంచుమని ప్రోత్సహించెను. 1787వ సంవత్సరము మార్చి 24వ తేదీన డాల్టన్ తన దినచర్యలో మొదటి పంక్తిని వ్రాసెను. ఉష్ణోగ్రత యెంత, గాలి ఒత్తిడి యెంత, గాలి యేదిక్కున వీచినది, వాన కురిసినదా, మంచు పడినదా అను విషయములను ఆయన అది మొదలు ఏబదియేడు సంవత్సరములు వ్రాయుచునే యుండెను. ఆ పరిశీలనములు మొత్తము రెండు లక్షలకు మించినవి. వానిలో ఏ యొక్కటియు గొప్ప వింత కాదు. పోగునకు పోగు చేరినట్లు అవి చేరి, కడకు జ్ఞానమను బట్టయయ్యెను.

1793లో డాల్టన్ మాంచెస్టరు నగరమునకు పోయి, న్యూ కాలేజి అను విద్యాలయమున గణితమును ప్రకృతి శాస్త్రమును బోధింప నారంభించెను. ప్రత్తి మిల్లులతో ఆ నగరము దినదినమును పెరుగుచుండిన కాలమది. ఆ సంవత్సరముననే వాతావరణ పరిశీలనములను గూర్చి ఆయన మొదటి గ్రంథము వెలువడెను. మరుసటి యేడు మాంచెస్టరు సాహిత్య తత్త్వశాస్త్ర సంఘము ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. ఆ సంఘమున ఆయన చదివిన మొదటి వ్యాసము తన కన్నులను గూర్చియే. పగటివేళ తనకు నీలముగా కనబడిన ఒక జెరేనియము పువ్వు, కొవ్వొత్తి వెలుగున ఎర్రగా కనబడుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. ఇతరులకు అది ఎల్లవేళలను గులాబి వర్ణమే. విచారింపగా తనకును తన అన్నకును మాత్రమే ఆ భేదము తోచినది. తాను రంగులను లోకులవలె చూడజాలనని అప్పుడు తెలిసికొనెను. మరియొకడైనచో తన లోపమును దాచియుండును. డాల్టన్ దానిని శాస్త్రీయముగా పరిశీలించి విద్వాంసుల ముందుంచెను. నేటికిని పలుదేశములవారు వర్ణాంధత్వమును డాల్టనిజము అని పిలుచుట అందువలననే.

1800లో డాల్టన్ కాలేజి ఉద్యోగమును విడిచి, ఇండ్లలో పాఠములు చెప్పుకొనుచు జీవింప నారంభించెను. సంపాదన స్వల్పము. కాని సంఘము వారు తమ భవనమున ఒక గదిని పరిశోధనములకై ఆయనకు ఇచ్చిరి. ఆ గదిలో ఆయన తన చిన్ననాటి ప్రశ్నను తిరిగి చేపట్టెను. తడిగుడ్డ ఆరినప్పుడు దానిలోని నీరేమగును? మరల అది మంచుగా ఎట్లు దిగును?

నీటిలో ఉప్పు కరగినట్లు గాలిలో నీరు కరగుననియు, గాలియే నీటిని తనలో పట్టియుంచుననియు నాటి పండితులలో పెక్కురు నమ్మిరి. డాల్టన్ దానిని పరీక్షింపదలచెను. భారమితి గొట్టములో పాదరసమునకు పైన గాలియే లేని శూన్యస్థలముండును. అందులోనికి ఒక బొట్టు నీటిని ఎక్కించెను. నీటిలో కొంత ఆవిరియై పాదరసమును క్రిందికి త్రోసెను. గొట్టమును వేడినీటితో చుట్టగా పాదరసము మరింత దిగెను. ఒక్కొక్క ఉష్ణోగ్రతయొద్ద ఆవిరి ఎంత బలముతో త్రోయునో కొలిచి పట్టికగా వ్రాసెను. పిమ్మట ఆ స్థలమున పొడిగాలిని నింపి మరల పరీక్షించెను. ఉష్ణోగ్రత ఒక్కటియే యైనచో ఆవిరి బలము మారలేదు. అనగా ఆవిరిని గాలి పట్టియుంచుట లేదు. ఒకే యింట కాపురమున్నను ఎవరి పొయ్యి వారిదైన రెండు కుటుంబములవలె, గాలియు ఆవిరియు ఒకే చోటనున్నను దేని ఒత్తిడి దానిదే. ఒక చోట ఎంత ఆవిరి యిముడునో నిర్ణయించునది ఆ చోటి వెచ్చదనమొక్కటియే. 1801లో డాల్టన్ ఈ విషయములను సంఘమున చదివెను. మిశ్రమ వాయువులలో ఒక్కొక్కటి కలిగించు ఒత్తిడులను గూర్చి నేడు పాఠశాలలలో చెప్పు డాల్టన్ నియమము ఇదియే.

వెచ్చని చోట ఆవిరి అధికముగాను, చల్లని చోట కొలదిగాను ఇముడును. కావున ఆవిరితో నిండిన వెచ్చని గాలి చల్లని వస్తువును తాకినప్పుడు, ఇమడని భాగము నీటిబొట్లుగా మారి దానిపై నిలుచును. వానకాలమున మంచునీరు పోసిన గ్లాసు వెలుపల తడియగుటకు ఇదియే కారణము. ఆ నీరు గ్లాసునుండి కారినది కాదు, గాలినుండి వచ్చినది.

నాటి గాలిలో ఎంత ఆవిరి యున్నదో తెలియుట ఎట్లు? ఫ్రాన్సు దేశస్థుడగు లెరాయ్ అంతకుముందే చూపిన మార్గమును అనుసరించి, డాల్టన్ తన పట్టికతో దానిని జోడించెను. ఆయన వాడిన పరికరము పొడవైన గాజుకూజా ఒక్కటియే. అప్పుడే చేదిన చల్లని బావినీటిని దానిలో పోసెడువాడు. వెలుపల వెంటనే మంచు పట్టినచో నీటిని పారబోసి, ఆ నీరు కొంచెము వెచ్చబడువరకు ఆగి, కూజాను నారబట్టతో చక్కగా తుడిచి, ఆ నీటినే మరల పోసెడువాడు. ఇట్లు పలుమారులు చేయగా, అద్దమున మంచు పట్టుట ఆగిపోవు ఘట్టము వచ్చును. అప్పటి నీటి ఉష్ణోగ్రతను కొలిచి తన పట్టికలో చూచినచో గాలిలోని ఆవిరి బలము తెలియును. ఆ ఉష్ణోగ్రతనే తుషార స్థానమందురు. అద్దము ఆ స్థానముకంటె చల్లనైనచో దానిపై తెర పడును. దానికంటె వెచ్చనైనచో పడదు. గాజుకూజాను తుడుచుచు, నీరు పోయుచు, మరల తుడుచుచు ఆ ఉపాధ్యాయుడు గడపిన ఘడియలలో, రాబోవు కాలమందలి ప్రతి కారు అద్దపు రహస్యమును దాగియుండెను.

నీరు ఎంత వేగముగ ఆరునో కూడ ఆయన నిర్ణయించెను. ఆ యుష్ణోగ్రతయొద్ద ఆవిరి ఎంత బలము వరకు పెరుగగలదో, గాలిలో ఇదివరకే ఎంత యున్నదో, ఈ రెంటి నడుమనున్న భేదము ఎక్కువయైన కొలది నీరు త్వరగా ఆరును. గాలి వీచుచున్నచో మరింత త్వరగా ఆరును. కడప సీమలో మే మాసపు టెండలో ఆరవేసిన బట్ట చూచుచుండగనే ఆరుటయు, ముసురు పట్టిన దినమున సాయంకాలమువరకు తడిగనే యుండుటయు ఈ నియమమునకు నిదర్శనములు.

ఈ సూత్రములను ఇప్పుడు కారునకు అన్వయింపవచ్చును. ఒక ఘనమీటరు చోటున 25 డిగ్రీల సెంటిగ్రేడు యొద్ద సుమారు 23 గ్రాముల ఆవిరి యిముడును; 20 డిగ్రీల యొద్ద సుమారు 17 గ్రాములు; 10 డిగ్రీల యొద్ద 9 గ్రాములు మాత్రమే. కారు లోపలి చోటు 3 ఘనమీటర్లనియు, అందలి గాలి 25 డిగ్రీల వెచ్చదనము కలిగి ఘనమీటరునకు 16 గ్రాముల ఆవిరితో నున్నదనియు అనుకొందము. వానకు తడిసిన అద్దము 20 డిగ్రీలకు చల్లబడినది. ఇంక 3, 4 గ్రాముల ఆవిరి చేరినచో చాలును, అద్దముపై తెర దిగును. మనుష్యుడు ఊపిరివలనను చర్మమువలనను గంటకు సుమారు 40 గ్రాముల నీటిని ఆవిరిగా విడుచును. ఐదుగురు విడుచునది గంటకు 200 గ్రాములు, అనగా నిమిషమునకు 3 గ్రాములకు పైమాట. కావున కిటికీలు మూసిన ఒకటి రెండు నిమిషములలోనే తెర దిగుటలో వింత లేదు. తడిసిన బట్టలు, గొడుగులు లోపలనున్నచో ఇంకను త్వరగా దిగును.

కారణము తెలిసిన పిదప నివారణము కష్టము కాదు. అద్దమును చేతితో తుడుచుట నివారణము కాదు. ఆవిరి యట్లే యుండును, అద్దము చల్లగనే యుండును, చేతి జిడ్డు మాత్రము అంటుకొని ఎదుటి దీపకాంతిని చెదరగొట్టును. చేయదగినవి మూడు. మొదటిది, లోపలి ఆవిరిని వెలుపలికి పంపుట. లోని గాలినే మరల మరల త్రిప్పు ఏర్పాటును ఆపి, బయటి గాలిని రానీయవలెను. వాన కురియుచున్నను బయటి గాలి లోపలి గాలికంటె చల్లనిది గనుక, అందు ఇమిడిన ఆవిరి పరిమితమే. లోనికి వచ్చి వెచ్చబడినప్పుడు అది మరికొంత ఆవిరికి చోటిచ్చును. అట్టి ఏర్పాట్లు లేని పాత బస్సులోను లారీలోను ఇరుప్రక్కల కిటికీలను రెండు వ్రేళ్ల మందము దించినను మేలు కలుగును. రెండవది, అద్దమును తుషార స్థానముకంటె వెచ్చగా నుంచుట. వేడిగాలిని ముందద్దముపైకి ఊదు గొట్టములును, వెనుక అద్దమున విద్యుత్తు ప్రవహించు సన్నని గీతలును ఇందులకే. ఊదిన గాలి అద్దముపై వీచుచుండుటవలన పట్టిన తడియు త్వరగా ఆరును.

మూడవది, గాలిలోని నీటినే తీసివేయుట. విల్లిస్ కేరియర్ అను అమెరికా దేశపు ఇంజనీరు 1902లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ భాగమునందలి ఒక ముద్రణాలయమునకై ఇట్టి ఏర్పాటును రూపొందించెను. తేమవలన కాగితములు ఉబ్బి, రంగులు ఒకదానిపై నొకటి సరిగా కుదురకుండుటయే అచ్చటి చిక్కు. చల్లని గొట్టములకు గాలిని తాకించినచో అధికమైన ఆవిరి వానిపైననే నీరై దిగిపోవును. డాల్టన్ కూజాపై పట్టిన మంచే అది. నేటి కార్లలోని ఏసీ చేయు పనియు ఇదియే. ఏసీ నడుచుచున్న కారు క్రింద బొట్లుబొట్లుగా నీరు కారుట అందరును చూచియే యుందురు. ఆ నీరు అద్దముపై చేరవలసినది, నేలపై పడినది. కావున అద్దము మసకబారినప్పుడు ఏసీ గాలిని కొంత వెచ్చజేసి ముందద్దముపైకి త్రిప్పినచో పొడిగాలియు, వెచ్చదనమును, వీపును మూడును ఒక్కమారే లభించును. చల్లదనము మితిమీరినచో అద్దము వెలుపలి ముఖమున తెర పడును. అప్పుడు చల్లదనమును తగ్గించి వైపర్లను ఉపయోగింపవలెను.

తేమను గూర్చిన ఈ పరిశోధనమే డాల్టన్‌ను పరమాణువుల వద్దకు నడిపించెను. గాలిలోని వివిధ వాయువులు బరువును బట్టి విడిపోక ఎట్లు కలిసియున్నవి, నీటిలో ఒక వాయువు ఎక్కువగాను మరియొకటి తక్కువగాను ఏల కరగుచున్నది అని ఆలోచించుచు, పదార్థమెల్ల సూక్ష్మకణములచే నేర్పడినదనియు, ఒక్కొక్క మూలకపు పరమాణువునకు ప్రత్యేకమగు బరువు కలదనియు ఆయన నిశ్చయించెను. 1803లో పరమాణు భారముల పట్టికను సిద్ధపరచెను. 1808లో రసాయన శాస్త్రపు నూతన విధానమను గ్రంథపు మొదటి భాగమును ప్రకటించెను. ఆయన చెప్పినదంతయు నిలువలేదు. నీటిలో హైడ్రోజను పరమాణువు ఒక్కటి, ఆక్సిజను పరమాణువు ఒక్కటి యుండునని ఆయన తలచెను. అది తప్పని పిదప తేలెను. అయినను ఆయన వేసిన పునాదిపైననే రసాయన శాస్త్రము లేచినది.

కీర్తి వచ్చినను ఆయన జీవనవిధానము మారలేదు. ఆయన వివాహమాడలేదు. ఒక మిత్రుని కుటుంబముతో కలిసి పెక్కేండ్లు నివసించెను. పిల్లలకు గణితము చెప్పి వచ్చిన కొలది సొమ్ముతోనే కాలము గడపెను. తరువాతి కాలమున శక్తి నియమములను స్థాపించిన జూల్ బాల్యమున ఆయన శిష్యుడే. ప్రతి ఉదయమును కిటికీ తెరచి ఉష్ణమాపకమును చూచు వేళను బట్టి ఇరుగుపొరుగువారు గడియారములను సరిచేసికొనెడువారని చెప్పుదురు. ప్రతి వేసవిలోను జన్మసీమకు పోయి కొండలెక్కుచు, ఎత్తుననుసరించి గాలి యొత్తిడియు చల్లదనమును తేమయు ఎట్లు మారునో కొలుచుచుండెను. 1817 మొదలు మరణపర్యంతము ఆయన మాంచెస్టరు సంఘమునకు అధ్యక్షుడు. 1822లో లండనులోని రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించెను. 1833లో ప్రభుత్వము సంవత్సరమునకు 150 పౌనుల భృతి నేర్పరచి, 1836లో దానిని 300 పౌనులకు పెంచెను.

ఒకప్పుడు క్వేకరు బాలుడగుటచే ప్రవేశమునకు నోచుకొనని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమే 1832లో ఆయనకు గౌరవ పట్టము నిచ్చెను. ఆ పట్టమునకు తగిన ఎర్రని అంగీతో 1834లో ఆయన రాజుగారి దర్శనమునకు పోయెను. ఎర్రని వస్త్రము ధరించుట క్వేకరులకు ఆచారము కాదు. కాని ఆయన కన్నులకు అది చెట్ల ఆకుల రంగుగనే తోచినందున ఆయనకు సంకోచము కలుగలేదందురు. తన కన్నులలోని లోపమునకు కారణము కంటిలోపలి ద్రవము నీలివర్ణమై యుండుటయేనని డాల్టన్ ఊహించి, మరణానంతరము తన కన్నులను పరీక్షింపుమని వైద్యుని కోరియుంచెను.

1837లో పక్షవాతము సోకి ఆయన శరీరము దుర్బలమయ్యెను. మాట తడబడెను. చేయి వణకెను. దినచర్య మాత్రము ఆగలేదు. 1844వ సంవత్సరము జులై 26వ తేదీన ఆయన వణకు చేతితో ఆనాటి పరిశీలనములను వ్రాసి, ఆ దినమున కొద్దిగా వాన కురిసినదని చేర్చెను. మరునాటి ఉదయమున ఆయన ప్రాణములు విడిచెను. మాంచెస్టరు పురభవనమున ఉంచిన ఆయన శవపేటికను 40,000 మందికి పైగా ప్రజలు దర్శించిరి. మిల్లులతో నిండిన ఆ నగరము నేతగాని కుమారునికి రాజమర్యాదలతో వీడ్కోలిచ్చెను.

వైద్యుడు కోరినట్లే కన్నులను పరీక్షించెను. లోపలి ద్రవము తేటగనే యుండెను. డాల్టన్ ఊహ సరికాదని ఆయన కన్నులే తెలిపెను. ఆ కన్నుల అవశేషములను మాంచెస్టరు సంఘము భద్రపరచెను. నూటయేబది యేండ్ల పిదప, 1995లో, శాస్త్రజ్ఞులు వానినుండి వంశసూత్రములను పరీక్షించి, ఆకుపచ్చ వెలుగును గ్రహించు వర్ణద్రవ్యము ఆయన కంటిలో లోపించినదని కనుగొనిరి. 1940లో జరిగిన బాంబుదాడిలో సంఘ భవనమును, ఆయన వ్రాతలలో పెక్కును నశించినవి. ఆయన సూత్రములు మాత్రము నశింపలేదు.

రంగులను సరిగా చూడజాలని ఆ కన్నులే కంటికి కానరాని ఆవిరిని కొలిచినవి. చూపులేని గురువు చూపిన మార్గమున, బావినీటిని, నారబట్టను, గాజుకూజాను సాధనములుగా గైకొని, ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు ప్రకృతి నియమమును కనుగొనెను. విలువగల పరికరములు లేవని, ఉన్నత విద్యాలయము దగ్గర లేదని నిరుత్సాహపడు బాలబాలికలకు ఆయన జీవితము ధైర్యము నిచ్చును. ప్రతిదినమును కంటబడు సామాన్య విషయమును ఓర్పుతో పరిశీలించి, కనుగొన్నదానిని నిజాయితీతో వ్రాసియుంచిన వానికి ప్రకృతి తన తెరను తానే తొలగించును.